కోయింబ్రాలో ఎక్కడ తినాలి

పోర్చుగల్ దేశంలో కోయింబ్రా అనే పాత ఊరు ఉంది. నది ఒడ్డున గుట్ట, గుట్ట మీద వందల ఏళ్ళ నాటి విశ్వవిద్యాలయం, దాని కిందుగా ఇరుకు సందులు. ఆ సందుల్లో ఎక్కడ తింటే బాగుంటుందో, ఏ పూట ఏం అడిగి పెట్టించుకోవాలో నేను ఒకప్పుడు రాశాను. ఆ ఊరు నేను చూడలేదు. అప్పటికి నాకు బాగా తెలిసిన ఊళ్ళు రెండే. ఒకటి మా నాన్న పుట్టిన ప్రొద్దుటూరు, రెండోది మేము అద్దెకుంటున్న తార్నాక.

ఎం.ఏ. ఇంగ్లీషు రెండో సంవత్సరంలో ఉండగా హబ్సిగూడలో ఒక ఆఫీసులో సగంపూట పనికి కుదిరాను. కింద టిఫిన్ సెంటరు, పైన మేము. పొద్దున వెళ్తే గదంతా బోండాలు వేగుతున్న వాసన. విదేశాల ట్రావెల్ వెబ్‌సైట్లకు పేజీలు రాసి పంపడం మా పని. ఇంటర్నెట్లో పది పేజీలు చదివి పదకొండోది రాయాలి. మా మేనేజరు గుంటూరు వైపు మనిషి, మంచివాడే. "చూడమ్మాయ్, నువ్వు ఆ ఊరెళ్ళావా లేదా అన్నది చదివేవాడికి అనవసరం. వెళ్ళొచ్చినట్టుండాలి, అంతే" అనేవాడు.

నాకు ఆ పని నచ్చింది. పాత చర్చి పక్క నుంచి దిగే మెట్లకు 'నడుం విరిచే మెట్లు' అని పేరని, అక్కడి పరమాన్నం మీద దాల్చినచెక్క పొడితో ముగ్గు వేసిస్తారని, ముదురు మేక మాంసాన్ని ద్రాక్షసారాలో నానబెట్టి నల్లటి మట్టికుండలో గంటలకొద్దీ ఉడికిస్తారని చదివి ఊరికే మురిసిపోయేదాన్ని. ముద్రించిన కాగితాలు సంచీలో పెట్టుకుని క్యాంపస్‌కు వెళ్ళేదాన్ని.

అలా ఒకరోజు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉంటే, నా స్నేహితురాలు ఆ కాగితాలు లాక్కుని చూసింది. నా క్లాసే. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు వాళ్ళది, హాస్టల్లో ఉండేది. మట్టికుండ బొమ్మ దగ్గర ఆగిపోయింది.

"గిదేంది, మా అమ్మ కూర కుండ లెక్కనే ఉన్నది!"

వాళ్ళమ్మకు బస్సు స్టేజీ దగ్గర చిన్న భోజన హోటలుంది. రేకుల కప్పు, రెండు బల్లలు. ఆదివారమొస్తే మేకకూర కట్టెల పొయ్యి మీద కుండలోనే. "మూత చుట్టూ పిండి మెత్తుతది. మల్ల మూత దియ్యనే దియ్యదు. గరిటెతోని కుండను తట్టి చెవి పెట్టి ఇంటది. ఉడికిందా లేదా సప్పుడుతోనే చెప్తది" అంది. బస్సొస్తే వాళ్ళమ్మ రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెడుతుందట. 'లోపల తింటున్నరు, ఆగు' అంటే డ్రైవర్లు ఆగుతారట. చెబుతూ చెబుతూ తనే పగలబడి నవ్వింది.

ఆమె మా ఇంటికి తరచూ వచ్చేది. హాస్టలు వెనకవైపు నుంచి మా వీధికి పావుగంట నడక. మా అమ్మ బొరుగులతో చేసే ఉగ్గాని, రాగిసంగటి ఆమెకు ఇష్టం. సంగటి ముద్దను ఎట్లా మింగాలో నేర్పింది అమ్మే. ఆమె వెళ్ళిపోతుంటే అమ్మ గడప దాకా వచ్చి, "మళ్ళ ఎప్పుడొస్తావు పాపా?" అని అడిగేది. నన్నూ పాపా అనే పిలిచేది, ఆమెనూ పాపా అనే పిలిచేది.

ఆ చలికాలంలో తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను కమ్ముకుంది. రాష్ట్రం వచ్చేసిందన్నారు, క్యాంపస్ అంతా డప్పులు మోగాయి. తర్వాత లేదన్నట్టు మాట్లాడారు. ఇక ఊరేగింపులు, బంద్‌లు, ముళ్ళకంచెలు. బాష్పవాయువు వాసన గాలి వాలును బట్టి మా ఇంటి దాకా వచ్చేది, అమ్మ కిటికీలకు తడిగుడ్డలు వేలాడదీసేది. నా స్నేహితురాలు ప్రతి ఊరేగింపులోనూ ఉంది. గొంతు బొంగురుపోయి, అరచేతుల మీద రంగు మరకలతో కనిపించేది. నాతో ఎప్పట్లాగే ఉండేది. మారింది నేనే. నినాదాల్లో 'ఆంధ్రోళ్ళు' అన్న మాట వచ్చినప్పుడల్లా ఆమె ముఖం వైపు చూసేదాన్ని. మేము సీమవాళ్ళం కదా, ఆ మాటలో మేమున్నామా లేమా అని ఆమెను అడగాలనిపించేది. అడగలేదు.

మా నాన్నది సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. అక్కడ ఎవరు స్థానికులు, ఎవరు కాదు అని జాబితాలు రాస్తున్నారని చెప్పుకునేవారు. నాన్న ఇంటికొచ్చాక మాట్లాడడం తగ్గించేశాడు. ఒకరోజు టీవీ చూస్తూ, "ఈ గొడవలు సద్దుమణిగే దాకా ఇంటికి ఎవురూ రాకుంటే మేలు" అన్నాడు. ఎవరి గురించీ అనలేదు. ఆ మాటకు ఆమె పేరు తగిలించుకున్నది నేనే.

కొన్నాళ్ళకు హాస్టల్ మెస్సులు మూతపడ్డాయి. ఇళ్ళకు వెళ్ళదలచుకున్నవాళ్ళు వెళ్ళారు, ఉద్యమంలో ఉన్నవాళ్ళు ఉండిపోయారు. మూడో రోజో నాలుగో రోజో మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో నాకు ఫోను వచ్చింది.

"ఏం జేస్తున్నవే?" అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "మెస్సు బంద్ వెట్టిండ్రు. నల్లాల నీళ్ళు గూడ సక్కగ వస్తలేవు. మొన్నటి సంది అటుకులే నములుతున్నం. మీ ఇంటికొస్తమే, ముగ్గురం. ముంగట పోలీసులున్నరు గని వెనక గల్లీకెళ్ళి వస్తం. అమ్మకు తక్లీఫ్ వద్దు, బియ్యముంటే మేమే వండుకుంటం."

ఆ క్షణంలో నాకు ఏమేం తోచాయో అన్నీ గుర్తున్నాయి. ముందుగదిలో నాన్న పేపరు చదువుతున్నాడు. ముగ్గురు ఉద్యమం అమ్మాయిలు మా గేటు తీసుకుని లోపలికి వస్తే ఇంటి ఓనరు చూస్తాడు. కోయింబ్రా పేజీ నాలుగింటికల్లా పంపాలి, సగం కూడా కాలేదు. వీటిలో ఏదీ ఆమెకు చెప్పలేని విషయం కాదు. చెప్పి ఉంటే, "సరేలే, డబ్బాల పెట్టియ్యి, గేటు కాడ తీస్కుంటం" అనేదేమో. కానీ నా నోటి నుంచి వచ్చింది వేరు.

"అయ్యో, మేము ప్రొద్దుటూరు వచ్చేశామే. ఇల్లు తాళం వేసుంది."

వెనక అమ్మ ఏదో కేకేసింది, నేను పట్టించుకోలేదు. ఆమె, "అట్లనా. సరే తియ్యి. జాగ్రత్తగ రాండ్రి" అని పెట్టేసింది.

వంటింట్లోంచి అమ్మ, "ఎవురు పాపా?" అంది. ఆఫీసువాళ్ళన్నాను. ఆ పూట అమ్మ తోటకూర పప్పు చేసింది. నేను రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. సిగ్గుతో ముద్ద దిగలేదని రాసుకోవచ్చు, కానీ దిగింది.

తిన్నాక సందుల్లోంచి నడిచి హబ్సిగూడ వెళ్ళాను. బంద్ వల్ల షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. పాత ఊళ్ళో ఎక్కడ తినాలో అప్పటికి నాలుగు చోట్లు రాసి ఉంచాను, ఐదో చోటు కావాలి. చదివిన పేజీల్లో ఏదీ పనికొచ్చేలా లేదు. అప్పుడు రాశాను: నడుం విరిచే మెట్లకు ఎడమ పక్కన, బోర్డు కూడా లేని ఒక చిన్న భోజనశాల. రెండే బల్లలు. నడిపేది ఒక పెద్దావిడ. మేకకూర కుండకు పిండితో మూత బిగించి, ఉడికిందో లేదో చెక్క గరిటెతో తట్టి విని చెబుతుంది. ఆమె వినేంతవరకు మీరు ఓపిక పట్టాలి.

వేళ్ళు ఆగకుండా సాగాయి. ఆ నెలంతా రాసినదాంట్లో అంత బాగా వచ్చింది అదొక్కటే. మేనేజరు చదివి, "అదిరిందమ్మాయ్! ఆ ముసలావిణ్ని ఎక్కడ పట్టావ్?" అన్నాడు. ఏదో బ్లాగులో అన్నాను. కూతురికి అన్నం లేదని చెప్పిన నోటితో భోంచేసి, అదే పూట తల్లి వంటను ఎత్తుకుపోయి ఇంకొకరి పేరున పెట్టానని ఆ రోజు నాకు తట్టలేదు. పని అయిపోయిందన్న తృప్తే ఉంది.

రెండు రోజుల తర్వాత ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు ఆమె చెప్పులున్నాయి. నీలం పట్టీల చెప్పులు, నేను కూడా ఉండి కొనిపించినవే. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. లోపలి నుంచి అమ్మ చూసేసింది.

"రా పాపా, ఎవురొచ్చినారో చూడు! కూరగాయల బండి కాడ కనపడింది. మొగమెట్ల పీక్కపోయిందో చూడు. నేనే పట్టుకోనొచ్చినా."

ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని తింటోంది. తలెత్తి నన్ను చూసి, మామూలుగా, "వచ్చినవా?" అంది. అమ్మ ఆమె కంచంలో ఇంకో గరిటె అన్నం వేస్తూ, "నేను ఈడనే ఉండా కదా, ఇన్ని దినాలు ఎందుకు రాలా?" అని అడిగింది.

"సదువుకుంటున్ననమ్మా, పరీక్షలున్నయి గద" అంది ఆమె. నా వైపు చూడలేదు.

అంతలో నాన్న లోపలికి వచ్చాడు. ఏమంటాడోనని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాన్న ఆమెను చూసి, "మీ అమ్మ ఒక్కతే ఉంటాది గదమ్మా ఊర్లో. ఫోన్ చేసి బాగుండానని చెప్పినావా లేదా?" అన్నాడు. గూట్లోంచి మజ్జిగ గిన్నె తీసి తనే ఆమె పక్కన పెట్టాడు. పైగా, "ఇంగా ఎంతమంది ఉండారు ఆడ తినకుండా?" అని అడిగి, అమ్మతో ఇంకో డబ్బా బియ్యం పొయ్యమన్నాడు. రెండు రోజులుగా నేను దేన్ని అడ్డం పెట్టుకుని నిద్రపోయానో అది అక్కడే, ఆ మజ్జిగ గిన్నె దగ్గర, కూలిపోయింది. నాన్న వద్దనలేదు. నాన్నను ఎవరూ అడగలేదు.

అమ్మ రెండు పెద్ద టిఫిన్ డబ్బాల నిండా అన్నం, పప్పు సర్ది నన్ను తోడు పంపింది. చెరో డబ్బా పట్టుకుని వెనక సందులో నడిచాం. ఎండగా ఉంది, దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. హాస్టల్ గోడ దగ్గరికి వచ్చాక ఆమె అడిగింది.

"ఎప్పుడొచ్చిండ్రే ఊరికెల్లి?"

నిజం చెప్పడానికి ఆమె నాకు దారి ఇచ్చిందని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు ఉచ్చులా అనిపించింది. "నిన్న" అన్నాను.

"మంచిగైంది" అంది. నా చేతిలోని డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. డబ్బాలు కడిగి, క్లాసులు మళ్ళీ మొదలయ్యాక, మా ఇంటికి కాకుండా క్లాసులో తెచ్చిచ్చింది. ఆ తర్వాత ఎన్నడూ మా ఇంటికి రాలేదు. నాతో తగువు పడలేదు, మాట మానలేదు. నోట్సు అడిగితే ఇచ్చేది. అంతవరకే.

వేసవిలో మా ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది, మెయిల్లో. ఎవరో పెద్దాయన భార్యతో కోయింబ్రా వెళ్ళాడట. కుండ చప్పుడు వినే ఆవిడ కోసం మధ్యాహ్నమంతా ఆ మెట్లు ఎక్కి దిగారట. చుట్టుపక్కల ఎవరిని అడిగినా తెలియదన్నారట. ఆఖరికి అన్నిచోట్లా మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయి, మెట్ల మీద కూర్చుని బిస్కట్లు తిన్నామని రాశాడు. తిట్టలేదు. ఆవిడ ఆరోగ్యంగానే ఉన్నారు కదా అని అడిగాడు. మేనేజరు నవ్వి, "మూసేశారని పెట్టమ్మాయ్" అన్నాడు. పెట్టాను. ఆ రోజు నుంచి ఆ ఆఫీసుకు వెళ్ళబుద్ధి కాలేదు, రెండు వారాలకు మానేశాను.

చదువులయ్యాయి. రాష్ట్రం వచ్చింది. నాన్నకు ఉద్యోగం ఎటూ పోలేదు, తార్నాకలోనే రిటైరయ్యాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు ఏదో సర్టిఫికెట్ కోసం క్యాంపస్‌కు వెళ్తే, అదే వరసలో నాకు ముందు ఆమె నిలబడి ఉంది. జిల్లాలో జూనియర్ కాలేజీ లెక్చరరట. కొంచెం ఒళ్ళు చేసింది, కళ్ళజోడు వచ్చింది. కాగితాలు ఇచ్చేసి ఇద్దరం క్యాంటీన్‌కు వెళ్ళాం. పిల్లల గురించి, బదిలీల గురించి మాట్లాడుకున్నాం. చాయ్ తాగడం అయ్యాక, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసి చెప్పాను.

"ఆ రోజు మేము ఊరెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాం."

"తెల్సు" అంది వెంటనే. "ఫోన్ల మీ అమ్మ గొంతు ఇనవడ్డది. పప్పు దించు పాపా అన్నది."

ఆమె ఖాళీ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ జరిపింది.

"ఆకలి ఏముందే, ఆ పొద్దు గడ్సిపోయింది. ఎవలో బ్రెడ్డు తెచ్చిండ్రు. గని నా రూముల ఇద్దరున్నరు గద. ఆంధ్రోళ్ళ ఇంటికా, వాళ్ళేం పెడ్తరే మనకు అన్నరు. నేను కొట్లాడిన వాళ్ళతోని. మా దోస్తు ఇల్లు అట్లాంటిది కాదు, వాళ్ళమ్మ నా అమ్మ లెక్క, సూడుండ్రి అన్న. అని నీకు ఫోన్ చేసిన. పెట్టేసినంక ఇద్దరు నా మొఖమే సూస్తున్నరు. ఊర్ల లేరంట అని చెప్పిన. నువ్వు నాకు చెప్పిన అబద్ధం నేను వాళ్ళకు చెప్పిన. మీ అమ్మ పేరు చెడకూడదని." గ్లాసు పక్కకు నెట్టి, "అది మాత్రం మర్షిపోలే" అంది.

క్షమించమన్నాను. "ఏడ్వకు, అందరు సూస్తున్నరు" అంది. మేము లేచేటప్పుడు తన ఊరి పేరు, కాలేజీ పేరు, ఫోను నంబరు ఒక కాగితం మీద రాసిచ్చింది. వాళ్ళమ్మను అడిగాను. బాగానే ఉందని, మోకాళ్ళ నొప్పులతో హోటలు చిన్నమ్మకు అప్పగించిందని చెప్పింది. కోయింబ్రా పేజీ సంగతి నోటి చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఒకటి చెప్పి తేలికపడిన వెంటనే రెండోది బయటపెట్టడానికి ధైర్యం చాలలేదు. ఈనాటికీ ఆమెకు తెలియదు.

అమ్మకు మాత్రం ఆ సాయంత్రం అంతా చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింది. అయిపోయాక కూడా కాసేపు తీస్తూనే ఉంది.

"పొయ్యి మీద అన్నం పెట్టుకోని, నేను లేనని చెప్తివా?" అంది చివరికి. "నీకు భయమైతే నన్నడగాల్సింది. నా ఇంటికి ఎవురు రావల్లో నేను చెప్పేదాన్ని గదా. అన్నం లేదనింది నువ్వు కాదు పాపా. ఆ పిల్లోళ్ళ లెక్కలో నేను."

నాకు అంతవరకు ఆ సంగతి అట్లా కనబడలేదు. రెండు రోజులు అమ్మ నాతో పొడిపొడిగానే మాట్లాడింది. మూడో రోజు నా స్నేహితురాలి నంబరు అడిగి తీసుకుని, తనే ఫోను చేసింది. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతూ విన్నాను. క్షమాపణలేమీ లేవు. ఏం వండినావు పాపా అని అడిగింది, పిల్లోళ్ళు ఎంత ఎదిగినారని అడిగింది, మీ అమ్మ మోకాళ్ళకు ఆముదం రాయమని చెప్పింది. నాన్న ఫోను తీసుకుని, ఎండాకాలం సెలవులకు పిల్లలను తీసుకుని రమ్మన్నాడు. అటువైపు ఆమె గట్టిగా నవ్వడం నాకు వినబడింది. అలాంటి నవ్వు విని ఎన్నో ఏళ్ళయింది.

అమ్మ గుమ్మంలోకి వచ్చి ఫోను నా వైపు చాపింది. "మాట్లాడతావా?"

చేతులు తడిగా ఉన్నాయన్నాను. లేవు.